గౌట్ నొప్పి లేచిన పూట ఏం చేయాలి, మళ్లీ లేవకుండా ఏం చేయాలి

గౌట్ (రక్తంలో యూరిక్ ఆసిడ్ పెరిగి కీళ్లకి వచ్చే జబ్బు) నొప్పితో ఉన్నవాళ్లకి ఎక్కువ చదివే ఓపిక ఉండదు, అందుకే ముందు ఆ పూట చేయాల్సినవి చెప్పేస్తాను. యూరిక్ ఆసిడ్ ఎందుకు పెరుగుతుంది, ఏం తినాలి, ఎవరో చెప్పిన చిట్కా పనిచేస్తుందా లేదా అన్నవి నొప్పి దిగాక చదువుకోండి. కానీ తప్పకుండా చదవండి. గౌట్ ఉన్నవాళ్లలో చాలామంది దెబ్బతినేది అక్కడే. నొప్పి ఉన్న వారం రోజులూ తెలిసిన వైద్యాలన్నీ చేస్తారు, అది పోగానే ఆ సంగతే మర్చిపోతారు, అలా మర్చిపోయిన నెలల్లోనే జబ్బు కీళ్లలో తన పని తాను చేసుకుపోతుంది.

నొప్పి లేచిన పూట

మామూలుగా అర్ధరాత్రో తెల్లవారుజామునో, కాలి బొటనవేలి మొదట్లో మొదలవుతుంది. చీలమండ, మోకాలు, పాదం మధ్యభాగం, మణికట్టు కూడా పట్టొచ్చు. కీలు ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేం. ఒక రోజు లోపల నొప్పి బాగా ముదిరిపోయి, ఆ తర్వాత ఏ మందూ వేసుకోకపోయినా వారం రెండు వారాల్లో తనంతట తానే దిగిపోతుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, చిట్కాల దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ముందు ఆ కాలికి పని చెప్పడం ఆపండి. పడుకుని, పాదం కింద రెండు మూడు దిండ్లు పెట్టి, గుండె కంటే ఎత్తులో ఉండేలా చూసుకోండి. ఐస్ ముక్కల్ని పలచటి గుడ్డలో చుట్టి కీలు మీద 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి, తీసేసి ఒక గంటో రెండు గంటలో ఆగి మళ్లీ పెట్టండి. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు, ముఖ్యంగా షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, చర్మం దెబ్బతిన్నా తెలియదు. ఇంటి వైద్యాల్లో నేను మొదటి స్థానం ఇచ్చేది దీనికే. 2002లో 19 మంది మీద చేసిన ఒక చిన్న పరీక్షలో, మందులతో పాటు ఐస్ కూడా పెట్టినవాళ్లకి ఒట్టి మందులు వేసుకున్నవాళ్ల కంటే నొప్పి బాగా తగ్గింది.

వేడి కాపడం వద్దు. నొప్పి అంటే వేడి నీళ్ల సంచి పెట్టడం అందరికీ అలవాటే, నడుం పట్టేసినప్పుడు అది హాయిగానే ఉంటుంది, కానీ అప్పటికే మండిపోతున్న కీలుకి వేడి తగిలితే రక్త ప్రసరణ పెరిగి వాపు, సలుపు ఇంకా ఎక్కువ కావొచ్చు. నూనె రాసి గట్టిగా మర్దన చేయడం కూడా వద్దు. దుప్పటి తగలకుండా ఉండాలంటే మంచం మీద పాదాల పక్కన ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టి, దాని మీదుగా దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. లేచి నడవక తప్పకపోతే చేతికర్ర వాడండి, వేళ్లు బయటికి ఉండే చెప్పులు వేసుకోండి.

నీళ్లు తాగుతూ ఉండండి, మందు పార్టీలేవైనా ఉంటే మానుకోండి. ఇక మాత్రల విషయం. డాక్టరు ఇంతకుముందే రాసి ఇచ్చి ఉంటే ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, మొదటి 24 గంటల్లో వేసుకున్న మాత్రకి ఉన్న బలం మూడో రోజు వేసుకున్నదానికి ఉండదు. మామూలుగా వాడేవి మూడు రకాలు. నాప్రోక్సెన్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, కాల్చిసిన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు. ఇందులో ఎవరికి ఏది పడుతుందన్నది వాళ్ల ఒంటిని బట్టి ఉంటుంది. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె బలహీనత ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోకూడదు. కాల్చిసిన్ ఒకప్పుడు విరేచనాలు పట్టుకునేదాకా గంట గంటకీ వేసేవాళ్లు, ఇప్పుడు తక్కువ మోతాదు కూడా అంతే పనిచేస్తుందని తేలింది, కాబట్టి తొందరగా తగ్గాలని రాసినదానికంటే ఎక్కువ వేసుకోకండి, అది ప్రమాదం. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, ఆ రెండూ కలిస్తే ఒంట్లో కాల్చిసిన్ ప్రమాదకరంగా పేరుకుపోతుంది. నొప్పి కోసం ఆస్పిరిన్ వద్దు, అది తక్కువ మోతాదులో యూరిక్ ఆసిడ్ బయటికి పోకుండా అడ్డుకుంటుంది. అయితే గుండె కోసం డాక్టరు రాసిన చిన్న ఆస్పిరిన్ వేరే సంగతి, దాన్ని మీ అంతట మీరు ఆపకండి.

యూరిక్ ఆసిడ్ తగ్గించే మందులైన అలోప్యురినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ రోజూ వేసుకుంటున్నవాళ్లు నొప్పి లేచిందని దాన్ని ఆపేయకూడదు. వేసుకుంటూ ఉండగా వచ్చింది కదా, ఇది పనిచేయట్లేదని మానేస్తారు చాలామంది. మానేస్తే యూరిక్ ఆసిడ్ మళ్లీ పైకి లేస్తుంది, కథ మొదటికొస్తుంది.

ఇంట్లో ఉండిపోకూడని పరిస్థితులు కూడా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఇలా కీలు వాచి ఎర్రబడితే అది గౌటే అని మీకు మీరు తేల్చుకోకండి. కీలులో చీము పట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది, దానికి ఆలస్యం చేస్తే కొద్ది రోజుల్లోనే కీలు పాడైపోతుంది. జ్వరం, చలి, ఒంట్లో బాగా నలతగా ఉండటం, ఆ కీలు దగ్గర గాయం ఉండటం, ఈమధ్యే ఆ కీలుకి ఇంజెక్షనో ఆపరేషనో జరిగి ఉండటం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పాత గౌట్ ఉన్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది.

అసలు కీలులో ఏం జరుగుతోంది

మన కణాల్లో, మనం తినేవాటిలో ప్యూరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి విరిగితే చివరికి యూరిక్ ఆసిడ్ తయారవుతుంది. చాలా జంతువుల్లో దాన్ని ఇంకా విడగొట్టే ఎంజైము ఉంది, మనుషులకి లేదు. కాబట్టి మూడింట రెండు వంతులు కిడ్నీల ద్వారా, మిగతాది పేగుల ద్వారా బయటికి పోవాలి. గౌట్ వచ్చిన ఎక్కువమందిలో అసలు ఇబ్బంది ఈ బయటికి పంపడంలోనే ఉంటుంది. వంశంలో వచ్చిన గుణం, కిడ్నీల పనితీరు, అధిక బరువు, బీపీకి వాడే కొన్ని మూత్రం మాత్రలు, ఇవన్నీ కలిసి పోవాల్సినదాన్ని ఆపుతాయి. తిండిపోతులకే గౌట్ వస్తుందన్న మాట అందుకే అన్యాయం. మితంగా తినేవాళ్లకీ వస్తుంది, వాళ్లు సిగ్గుతో దాచుకుని వైద్యం ఆలస్యం చేసుకుంటారు.

రక్తంలో డెసిలీటరుకి సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే యూరిక్ ఆసిడ్ ఇక కరగదు, గ్లాసు నీళ్లలో చక్కెర మరీ ఎక్కువ వేస్తే అడుగున మిగిలిపోయినట్టు స్ఫటికాలుగా కీళ్లలో దిగడం మొదలుపెడుతుంది. చల్లదనంలో ఇంకా తక్కువ కరుగుతుంది, ఒంట్లో చల్లగా ఉండే చోటు పాదాలే కాబట్టి బొటనవేలు ముందు దొరికిపోతుంది. ఈ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి, ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పేరుకుంటాయి. ఏదో ఒక కదలిక వస్తే రోగనిరోధక కణాలు వాటి మీద పడతాయి, మనకి తెలిసే నొప్పి అది. విందులో ఎక్కువ తాగడం, ఒంట్లో నీళ్లు తగ్గడం, దెబ్బ తగలడం, జ్వరం, ఆపరేషన్, యూరిక్ ఆసిడ్ ఒక్కసారిగా పెరగడం, ఆఖరికి ఒక్కసారిగా తగ్గడం కూడా ఆ కదలిక కావొచ్చు.

దీంట్లోంచి రెండు ముఖ్యమైన సంగతులు వస్తాయి. మొదటిది, నొప్పి తగ్గినంత మాత్రాన స్ఫటికాలు పోవు. అవి కరగాలంటే రక్తంలో యూరిక్ ఆసిడ్ 6 కంటే తక్కువలో చాలా కాలం ఉండాలి, చెవి అంచున, మోచేతి దగ్గర, వేళ్ల మీద గడ్డలు కట్టిన వాళ్లకైతే చాలామంది డాక్టర్లు 5 కంటే తక్కువ చూస్తారు. మీ గౌట్ ఎలా ఉందో చెప్పే అంకె ఇదొక్కటే, ఎన్ని నెలలుగా నొప్పి రాలేదన్నది కాదు. రెండోది, నొప్పి ఉన్న రోజుల్లో పరీక్ష చేయిస్తే ఈ అంకె మామూలుగానే కనిపించొచ్చు. అది చూసి గౌట్ కాదనుకోకుండా, నొప్పి పూర్తిగా దిగిన రెండు వారాలకి మళ్లీ చేయించండి. అలాగే రిపోర్టులో యూరిక్ ఆసిడ్ ఎక్కువుండి ఒక్క కీలు కూడా ఎప్పుడూ నొప్పి పెట్టనివాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, అందులో చాలామందికి గౌట్ ఎప్పటికీ రాదు, మామూలుగా మందు కూడా అవసరం ఉండదు. వాళ్లకి కింద చెప్పే అలవాట్లు చాలు.

తిండి, తాగుడు

ముందే నిజం చెప్పేస్తాను. ఎంత నిష్ఠగా పథ్యం చేసినా యూరిక్ ఆసిడ్ మామూలుగా 1 మిల్లీగ్రాము అటూ ఇటూ తగ్గుతుంది. 7 ఉన్నవాళ్లకి అది పెద్ద మేలే, 9.5 ఉన్నవాళ్లని మాత్రం పథ్యం ఒక్కటే 6 కిందకి తేలేదు. పథ్యం వృథా అని కాదు, అటాక్‌లు, అంటే ఈ నొప్పి లేవడాలు, రేగకుండా అది కాపాడుతుంది. కానీ పథ్యం చేస్తున్నాను కదా మందెందుకు అనే మాట దగ్గర జాగ్రత్త.

అన్నిటికంటే ముందు తగ్గించాల్సింది మద్యం, అందులోనూ బీరు. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు వచ్చే లాక్టిక్ ఆసిడ్ వల్ల కిడ్నీలు యూరిక్ ఆసిడ్‌ని ఆపేసుకుంటాయి, బీరులో దానికి తోడు ప్యూరిన్లు కూడా ఉంటాయి. విస్కీ లాంటివి కూడా తక్కువేం కాదు. వైన్ పరవాలేదనే ప్రచారం నమ్మి అటాక్ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. నొప్పి ఉన్నప్పుడూ, అది దిగిన కొత్తలోనూ చుక్క కూడా వద్దు.

తర్వాతది చాలామంది ఊహించనిది, తియ్యటి కూల్ డ్రింకులు. వాటిలోని ఫ్రక్టోజ్‌ని కాలేయం విడగొట్టేటప్పుడే యూరిక్ ఆసిడ్ పుడుతుంది. డబ్బాలో వచ్చే పళ్ల రసాలూ అంతే. పండు పండుగా తింటే బెంగపడక్కర్లేదు. మాంసం మానేసి, రోజూ రెండు సీసాల తియ్యటి డ్రింకు తాగుతూ, ఎందుకు తగ్గట్లేదని అడిగేవాళ్లకి జవాబు అందులోనే ఉంటుంది.

మాంసంలో కార్జం, కిడ్నీ, మెదడు లాంటివి పూర్తిగా మానేయడం మంచిది. మేక, గొర్రె, పశువుల మాంసం అప్పుడప్పుడూ, కొద్దిగా. సార్డిన్, ఆంకోవీ లాంటి చిన్న చేపలు, రొయ్యలు, ఆలిచిప్పలు బాగా తగ్గించాలి. ఎముకలు, మాంసం గంటల తరబడి ఉడికించిన సూపులోకి ప్యూరిన్లు దిగుతాయి కాబట్టి ముక్క వదిలేసి సూపు తాగితే లాభం లేదు.

పాలకూర, పుట్టగొడుగులు, బఠాణీలు, కాలీఫ్లవర్, పప్పుల మీద పడిన నింద మాత్రం తీసేయాలి. వాటిలో ప్యూరిన్లు ఉన్నమాట నిజమే. కానీ అమెరికాలో 47 వేలమందికి పైగా మగవాళ్లని 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మాంసం, సముద్రపు ఆహారం ఎక్కువ తినేవాళ్లలో గౌట్ పెరిగింది గానీ ప్యూరిన్లు ఉన్న కూరగాయల వల్ల పెరగలేదు. పాల పదార్థాలు ఎక్కువ తీసుకునేవాళ్లలో, ముఖ్యంగా వెన్న తీసిన పాలు, పెరుగు తీసుకునేవాళ్లలో తగ్గింది కూడా. అందుకే మాంసం తగ్గించి, పప్పులు కూడా మానేసి, ఆకలితో మాడిపోయే పథ్యం ఎవరూ చేయక్కర్లేదు. మీకు ఫలానా కూర తిన్న ప్రతిసారీ నొప్పి లేస్తోందని గట్టిగా అనిపిస్తే రాసిపెట్టుకుని చూడండి, నిజమైతే ఆ ఒక్కటి మానండి.

నీళ్లు రోజంతా కొంచెం కొంచెంగా, మూత్రం లేత రంగులో ఉండేంత తాగాలి. చాలామందికి రోజుకి రెండు నుంచి మూడు లీటర్లు సరిపోతుంది. ఎండలో పని, చెమట, దూరప్రయాణం ఉన్న రోజుల్లో ఇంకాస్త. గుండె బలహీనతకో కిడ్నీ జబ్బుకో నీళ్లు కొలిచి తాగమని చెప్పి ఉంటే ఆ కొలతే పాటించండి. కాఫీ తాగే అలవాటున్నవాళ్లు మానక్కర్లేదు, కాఫీ తాగేవాళ్లలో గౌట్ తక్కువగానే కనిపిస్తుంది.

చిట్కాల సంగతి

నొప్పి తనంతట తానే వారం రెండు వారాల్లో దిగిపోతుందని పైన చెప్పాను కదా. అందుకే ఏ చిట్కా చేసినా పనిచేసినట్టే ఉంటుంది. నాలుగో రోజు ఏదో కషాయం తాగారు, ఆరో రోజుకి నొప్పి తగ్గింది, గొప్ప కషాయానికి దక్కుతుంది, ఆ మాట ఇంకో పదిమందికి చేరుతుంది. చెప్పినవాళ్లు అబద్ధం ఆడలేదు, కషాయం తాగకపోయినా ఆరో రోజుకి తగ్గేదే.

చెర్రీలకి కాస్త ఆధారం ఉంది. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో 633 మంది గౌట్ రోగులని గమనిస్తే, రెండు రోజుల పాటు చెర్రీలు తిన్న సమయాల్లో అటాక్‌లు 35 శాతం తక్కువగా ఉన్నాయి. ఆ తర్వాత చెర్రీ రసాన్ని చిక్కగా చేసి ఇచ్చి చూసిన ఒక పరీక్షలో మాత్రం యూరిక్ ఆసిడ్ తగ్గలేదు. దొరికితే తినండి, మంచి పండు, మందుకి బదులుగా మాత్రం కాదు. విటమిన్ సి మాత్రలు గౌట్ ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా తేలేదు, ఎక్కువ మోతాదులో వేసుకుంటే కిడ్నీలో రాళ్ల భయం వేరే.

పసుపు, అల్లం వంటలో వాడుకోండి, మంచిదే. గుప్పెడు మాత్రలుగా మింగడం వేరే సంగతి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అడగకుండా మొదలుపెట్టకూడదు. నిమ్మరసం, యాపిల్ సైడర్ వెనిగర్ వల్ల స్ఫటికాలు కరుగుతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. చక్కెర లేకుండా నిమ్మరసం తాగితే కనీసం నీళ్లైనా లోపలికి వెళ్తాయి, వెనిగర్ రోజూ తాగితే పళ్ల ఎనామిల్ అరుగుతుంది. నీళ్లలో వంటసోడా కలుపుకుని తాగడం మాత్రం ఇవాళే ఆపేయండి. దాంతో ఒంట్లోకి సోడియం విపరీతంగా చేరుతుంది, గౌట్ ఉన్నవాళ్లలో చాలామందికి బీపీ, కిడ్నీ సమస్యలు ఎలాగూ ఉంటాయి. ఏమేం కలిపారో రాయని పొడులు, రాత్రికి రాత్రే నొప్పి మాయం చేసే మాత్రలు కూడా అంతే. అంత వేగంగా పనిచేస్తోందంటే అందులో చెప్పకుండా స్టెరాయిడ్ కలిపారేమో అని అనుమానించాలి.

బరువు, నడక, నిద్ర

బరువు ఎక్కువున్నవాళ్లకి ఇంటి వైద్యాలన్నిటిలోకీ ఎక్కువ మేలు చేసేది బరువు తగ్గడమే, కాకపోతే నెమ్మదిగా. రోజుల తరబడి ఉపవాసాలు, పిండి పదార్థాలు పూర్తిగా మానేసే డైట్లు మొదలుపెడితే ఒంట్లో కీటోన్లు పెరుగుతాయి, అవి కిడ్నీల దగ్గర యూరిక్ ఆసిడ్‌ని ఆపేస్తాయి, బరువు తగ్గుతున్న ఆనందంలో ఉండగానే అటాక్ వస్తుంది. నెలకి రెండు కిలోల చొప్పున తగ్గినా చాలు. నొప్పి ఉన్నప్పుడు వ్యాయామం వద్దు, నొప్పి లేని రోజుల్లో నడక, ఈత, సైకిల్ ఏదైనా సరే. బూట్ల ముందు భాగం వేళ్లని నొక్కకుండా వెడల్పుగా ఉండాలి. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, స్లీప్ ఆప్నియాకీ గౌట్‌కీ సంబంధం ఉంది.

మందు ఎప్పుడు అవసరం

ఏడాదిలో రెండుసార్లు, ఆపైన అటాక్ వచ్చినా, గడ్డలు కట్టినా, ఎక్స్‌రేలో కీలు దెబ్బతిన్నట్టు కనిపించినా యూరిక్ ఆసిడ్ తగ్గించే మందు మొదలుపెట్టమనే డాక్టర్లు చెప్తారు. కిడ్నీ జబ్బు గానీ కిడ్నీలో రాళ్లు గానీ ఉంటే మొదటి అటాక్‌కే ఆలోచిస్తారు. అలోప్యురినాల్ 1960ల నుంచి వాడుకలో ఉంది. సాధారణంగా రోజుకి 100 మిల్లీగ్రాములు, కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, రక్త పరీక్ష చూసుకుంటూ కొన్ని వారాలకోసారి పెంచుతారు. మొదటి కొన్ని నెలల్లో పాత స్ఫటికాలు కదిలి నొప్పులు ఎక్కువ కావొచ్చు, అందుకే మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదు కాల్చిసిన్ తోడుగా ఇస్తారు. ఈ సంగతి ముందే తెలియకపోతే మందు పడలేదనుకుని మానేస్తారు. ఒంటి మీద దద్దురు వస్తే మాత్రం, చిన్నదే కదా అని ఊరుకోకుండా, మాత్ర ఆపి వెంటనే డాక్టరుని కలవాలి. అరుదే గానీ, ప్రాణం మీదకి తెచ్చే ప్రతిచర్య అలాగే మొదలవుతుంది.

2018లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. అందులో నర్సులు రోగులకి జబ్బు గురించి ఓపిగ్గా వివరించి, అంకె 6 కిందకి వచ్చేదాకా మోతాదు పెంచుతూ వెంటపడ్డారు. రెండేళ్లకి 95 శాతం మంది ఆ అంకెకి చేరుకున్నారు, మామూలు పద్ధతిలో వైద్యం చేయించుకున్నవాళ్లలో 30 శాతమే చేరారు. మందులు కొత్తవేం కాదు, రోగికి అర్థమయ్యేలా చెప్పడం, వదలకుండా పరీక్షలు చేయడం వల్ల వచ్చిన తేడా అది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నొప్పి మాత్ర రాయించుకుని వచ్చేయకండి. నా యూరిక్ ఆసిడ్ ఇప్పుడెంత, ఎంతకి రావాలి, మళ్లీ పరీక్ష ఎప్పుడు అని అడగండి. వాడుతున్న మందులన్నీ చూపించండి. బీపీకి వాడే థయాజైడ్ మూత్రం మాత్ర యూరిక్ ఆసిడ్‌ని పెంచుతుంది, లోసార్టాన్ కొంచెం తగ్గిస్తుంది, మార్చడానికి వీలుందేమో డాక్టరే చెప్పాలి, మీరు సొంతంగా ఆపకూడదు.

అంకె 6 కిందకి వచ్చాక ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. ఆపరేషన్ ఏదైనా ఉంటే గౌట్ ఉందని ముందే చెప్పండి, రోజూ వేసుకునే మాత్ర ఆ రోజుల్లో కూడా కొనసాగించాలా అని అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఆపరేషన్ తర్వాతి వారంలో అటాక్ రావడం చాలా మామూలు. దూరప్రయాణమైతే నొప్పి లేచినప్పుడు వేసుకోవాల్సిన మాత్ర, దాని చీటీ చేతి సంచిలోనే ఉంచుకోండి.